వెనక నుంచి వచ్చేది

కంప్యూటర్ ఆట చూసి జడుసుకుని నేను కుర్చీలోంచి కింద పడ్డది ప్రొద్దుటూరులో, మిట్టమధ్యాహ్నం, తిరిగే ఫ్యాను కింద. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. డిగ్రీ అయిపోయి, పెళ్లి పత్రికలూ పార్టీల కరపత్రాలూ కంప్యూటర్‌లో కూర్చే పని నేర్చుకుంటున్నాను. మీసం కూడా ఉంది. అయినా పడ్డాను.

నేను పని నేర్చుకునేది నా స్నేహితుడి నెట్ సెంటర్‌లోనే. వాళ్లన్న కువైట్ నుంచి సెలవుకు వచ్చినప్పుడు ఒక సీడీ తెచ్చాడు. మావాడు కిటికీకి దుప్పటి కట్టి, తలుపు దగ్గరగా వేసి, స్పీకర్ల సౌండు పెంచి, నన్ను కూర్చోబెట్టాడు. "ఆడు సూద్దాం" అన్నాడు. వాడి నవ్వు చూసే నేను అనుమానపడాల్సింది.

అంతకుముందు నేను చూసిన ఆటల్లో ఒక బొమ్మ మనిషి ఉండేవాడు, వాణ్ని మనం ఎగిరించేవాళ్లం, దూకించేవాళ్లం. వాడు చచ్చినా మనకేమీ కాదు. ఇందులో అలాంటి మనిషి లేడు. తెర కింది భాగంలో ఒక చెయ్యి మాత్రం కనపడుతుంది. ఆ చెయ్యి నాది. పాడుబడ్డ ఆస్పత్రి, పొడుగాటి వసారా, ఎక్కడో నీళ్ల చుక్క పడుతున్న చప్పుడు. టార్చి పట్టుకుంటే తుపాకి పట్టుకోవడానికి లేదు, తుపాకి పట్టుకుంటే చీకటి. ఈ ఆట తయారుచేసినవాడెవడో మనుషులను ఏడిపించడం బాగా తెలిసినవాడు అనుకున్నాను.

దయ్యాల కోసం ఎదురుచూస్తూ పది నిమిషాలు నడిచాను. ఒక్కటీ రాలేదు. అప్పుడు అర్థమైంది, భయమంటే దయ్యం కాదు, దయ్యం రాకముందు నడిచే నడక. ఆ నడక నాకు కొత్త కాదు. జమ్మలమడుగు అవతల మా ఊళ్లో బస్సు దిగి ఇంటికి పోవాలంటే అవతలి వర్గం వాళ్ల వీధి దాటాలి. అమ్మ నా చెయ్యి పట్టుకుని, తల వంచుకుని, పరుగూ కాని నడకా కాని తీరులో నడిచేది. ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. అరుగుల మీద మాటలు ఆగిపోయేవి, అంతే.

మంచాల గది దాటాక ఒక మలుపు ఉంది. ముందు ఏమీ లేదు. హమ్మయ్య అని ఊపిరి వదిలాను. సరిగ్గా అప్పుడు వెనక నుంచి వచ్చింది. తెర అంతా నోరే. నేను నేల మీద ఉన్నాను.

మావాడికి నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చాయి. "ఏందిరా, ఫ్యాక్షనోళ్ల ఇంట్లో పుట్టి బొమ్మకు జడుసుకుంటివే! మీ నాయన వింటే పరువు పోతాది" అన్నాడు.

మా నాయన గురించి చెప్పాలి. మా ప్రాంతంలో ఒక నాయకుడు ఉండేవాడు, అందరూ పెద్దాయన అనేవాళ్లు. మా నాయన ఆయన వెంట తిరిగే మనిషి. పెద్దాయన జీపు దిగాలంటే ముందు మా నాయన దిగాలి. గుమ్మం దాటాలంటే ముందు మా నాయన దాటాలి. ఊళ్లో గొడవలు ముదిరాక అమ్మనూ నన్నూ ప్రొద్దుటూరులో అద్దె ఇంట్లో పెట్టి, తాను పెద్దాయన ఇంటి వసారాలో ఉండిపోయాడు. మాకు ఆయన కనపడేది కోర్టు వాయిదాల రోజునే. కోర్టు ఎదురుగా టీ అంగడిలో అరగంట కూర్చునేవాడు. "తింటివా? పని బాగుండాదా?" అని అడిగేవాడు. నేను జవాబు చెబుతుంటే నా భుజం మీదుగా రోడ్డు చూసేవాడు.

నాకు కావలసింది ఒక్కటే. ఆయన ఆ జీపు వదిలిపెట్టి మా ఇంటికి రావాలి. అది కుదరకపోతే, ఆయన లోపల మాకు ఎంత చోటుందో ఒక్కసారైనా కళ్లారా చూడాలి. ఇంత వయసొచ్చాక ఇదేం కోరిక అనిపించేది. అయినా పోలేదు.

దానికి కారణం పులివెందులలో జరిగిన ఒక పెళ్లి. పెద్దాయన బంధువులది. అప్పుడు నాకు పదకొండేళ్లు. ఊరేగింపులో నాయనకు ఎడమ పక్కన నేను, కుడి పక్కన పెద్దాయన. నా చేతిలో అప్పుడే ఇచ్చిన లడ్డు. ఎవరో మా కాళ్ల దగ్గరే టపాకాయల సరం అంటించారు. మొదటి చప్పుడుకే నాయన రెండు చేతులూ కుడి వైపుకు పోయాయి. పెద్దాయనను గోడకు నెట్టి, తాను అడ్డంగా నిలబడ్డాడు. సరం మొత్తం పేలి ఆగిపోయేదాకా నేను లడ్డు పట్టుకుని అలాగే నిలబడ్డాను. తర్వాత అందరూ నాయన భుజం తట్టారు. "నువ్వుంటే నాకు కొండంత ధైర్యం అప్పా" అన్నాడు పెద్దాయన. ఆయన పనే అది అని అమ్మ ఆ రోజే నాకు సర్దిచెప్పింది. నిజమే, ఆయన పనే అది. నేను ఆ లడ్డు తినలేదు.

కుర్చీలోంచి పడిన రోజు మావాడు ఎగతాళి చేస్తుంటే నాకొక పాడు ఆలోచన వచ్చింది. మా నాయనను ఇక్కడ కూర్చోబెట్టి ఆ మలుపు దగ్గరికి తీసుకుపోవాలి. ఆయన ముఖంలో భయం చూడాలి. ఇన్నేళ్లూ మా అందరినీ భయంలో పెట్టిన మనిషి ఒక్క క్షణమైనా మాలాగా ఉండాలి.

వాయిదా రోజు రానే వచ్చింది. జడ్జిగారు రాలేదు, మధ్యాహ్నం చూద్దామన్నారు. పెద్దాయన లేని వాయిదా అది, మిగతావాళ్లు హోటలుకు పోయారు. "నాయనా, నేను పనిచేసే చోటు సూద్దువు రా" అన్నాను. ఆయన కాసేపు నావైపు చూసి లేచాడు. నేను పిలిస్తే వచ్చాడని లోపల ఎంత సంతోషపడ్డానో, చేయబోయేది తలచుకుని అంత సిగ్గుపడ్డాను. అయినా ఆగలేదు.

"సలాం మామా, రా కూచో" అని మావాడు కుర్చీ వేశాడు. నాయన దాన్ని లాక్కుని గోడకు ఆనించి, ముఖం తలుపు వైపు పెట్టుకుని కూర్చున్నాడు. ఎక్కడికి పోయినా ఆయన కూర్చునే తీరు అదే. తర్వాత దుప్పటి కట్టిన కిటికీ చూపించి, "అది తియ్యప్పా. బయట ఎవురొస్తాండేదీ కనపడాల" అన్నాడు. మావాడు ఒక మూల మడిచి పెట్టాడు.

ఆట మొదలుపెట్టాను. నాయన కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాడు.

"ఎవురిదిరా ఆ చెయ్యి?"

"నాదే నాయనా."

"యాడికి పోతాండావు?"

"ఆస్పత్రి లోపలికి. దయ్యాలుంటాయి. కాల్చుకుంటా పోవాల."

"తోడెవురూ లేరా?"

"లేరు. ఒక్కడే."

"ఒక్కడే ఎట్ల పోతావబ్బీ? టార్చి పట్టుకునేదానికి ఒగడుండాల, యెనక సూసేదానికి ఒగడుండాల. ఎవుడు పంపిచ్చినాడు నిన్ను?"

నెట్ సెంటర్‌లో ఉన్న నలుగురైదుగురూ లేచి వచ్చి మా చుట్టూ నిలబడ్డారు. ఒక తలుపు దగ్గరికి పోయాను. "ఎదురుగా నిలబడొద్దు. పక్కకు రా. ఇంగా పక్కకు. ఇప్పుడు కాలితో నెట్టు" అన్నాడు నాయన.

"కాలు లేదు నాయనా. చెయ్యొకటే."

అందరూ నవ్వారు. నాయన కూడా కొంచెం నవ్వాడు. ఆయన చెప్పినట్టే నడిచాను. చెప్పినచోట ఆగాను. నా ఎడమ భుజం పక్కనే ఆయన గొంతు, బీడీ వాసన, సబ్బుతో ఉతికిన టవలు వాసన. అంతసేపు ఆయన నాతో మాట్లాడింది నా జీవితంలో అదే మొదలు. ఆ మలుపు దగ్గరికి పోకుండా వెనక్కు తిరిగి ఉంటే ఎంత బాగుండేదో. కానీ పదకొండేళ్ల నాటి లడ్డు ఇంకా నా చేతిలోనే ఉంది. మంచాల గది దాటాను. మలుపు వచ్చింది. తెర వదిలేసి, ఆయన ముఖం చూద్దామని పక్కకు తిరిగాను.

ఆ ముఖం నాకు కనపడలేదు. కనపడింది ఆయన వీపు. తెర మీది దయ్యం అరిచిన క్షణంలోనే నాయన చెయ్యి నా రొమ్ముకు తగిలి, కుర్చీతో సహా నన్ను గోడకు కొట్టింది. నాకూ తెరకూ మధ్య ఆయన అడ్డంగా నిలబడి ఉన్నాడు. కుడి చెయ్యి నడుము దగ్గరుంది. కోర్టుకు వచ్చిన రోజు అక్కడ ఏమీ ఉండదు. కీబోర్డు వైరుకు వేలాడుతూ ఊగుతోంది.

మావాడు నవ్వబోయి, ఆయన ముఖం చూసి మానుకున్నాడు. నాయన కీబోర్డు తీసి బల్ల మీద పెట్టాడు. టవలు సర్దుకున్నాడు. "యెనక సూసుకోవాలని జెప్తి గదరా" అన్నాడు, చిన్నగా. బయట జీపు హారన్ కొట్టింది. పోయాడు.

నా రొమ్ము మీద అరచేతి వెడల్పున కమిలింది. అమ్మ పసుపు రాస్తానంటే వద్దన్నాను. వారం రోజులు ఊపిరి పీల్చినప్పుడల్లా నొప్పి పుట్టేది. తగ్గుతున్న కొద్దీ దిగులేసింది. దాన్ని ఇంకొన్నాళ్లు ఉంచుకోవాలనిపించింది.

ఎందుకు కమిలిందో అమ్మకు చెప్పాను. ఆమె చింతపండులో గింజలు తీస్తోంది. అంతా విని, "మీ నాయన పక్కన నేను ఉండంగా యాపొద్దూ ఏమీ పేలకపాయె" అని నవ్వి, మళ్లీ గింజలు తీసుకుంటూ కూర్చుంది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. చాలా రోజులు వెంటాడింది.

కొన్నేళ్లు గడిచాయి. ఒక ఎన్నికల ముందు పెద్దాయన, అవతలి వర్గం నాయకుడు ఒకే పార్టీ కండువా కప్పుకున్నారు. జమ్మలమడుగులో సభ. ఆ సభకు ఫ్లెక్సీ తయారుచేసింది నేనే. అప్పటికి నాకు సొంత కంప్యూటర్ ఉంది, ఇంట్లోనే పని. ఇద్దరి ముఖాలూ ఒకే సైజులో ఉండాలని రెండు వైపుల నుంచీ ఫోన్లు. ఒకాయన మీసం రెండో ఆయన మీసం కంటే కిందికి ఉందని మూడుసార్లు మార్పించారు. వీళ్లిద్దరి కోసం పోయినవాళ్ల ఫొటోలు పెట్టమని మాత్రం ఒక్కరూ ఫోన్ చేయలేదు. కోపమొచ్చింది. అయినా ఫ్లెక్సీ ఇచ్చాను.

సభ అయిన నాలుగో రోజు నాయన ఒక సంచీతో మా ఇంటికి వచ్చాడు. ఇన్నేళ్లూ నేను కోరుకున్నది అదే. కానీ ఆయన మా కోసం రాలేదు, అక్కడ ఇక పని లేక వచ్చాడు. ఆ తేడా నన్ను తినేసింది. ఇంట్లో ఆయనకు ఏం చేయాలో తోచేది కాదు. అమ్మ కూరగాయలకు పోతే తోడు పోయి, నాలుగడుగులు ముందు నడుస్తూ, అటూ ఇటూ చూస్తూ, బేరం చేస్తున్న ఆడవాళ్లను పక్కకు జరపబోయేవాడు. "వంకాయలకు నీ కాపలా ఎందుకబ్బా" అని అమ్మ తిట్టేది. తిడుతూనే మరుసటి రోజు మళ్లీ వెంట తీసుకుపోయేది.

ఒక ఆదివారం పొద్దున నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఉంటే వచ్చి నిలబడ్డాడు.

"ఆ ఆస్పత్రి ఆట ఉండాదా?"

ఉంది. ఆ సీడీ నేను మావాడి దగ్గర అడిగి తెచ్చుకున్నాను. ఎందుకు తెచ్చుకున్నానో ఎవరికీ చెప్పలేదు. ఆట పెట్టాను. నాయన కుర్చీ లాక్కున్నాడు. ఎప్పటిలాగే గోడకు వేసుకుంటాడనుకున్నాను. వేసుకోలేదు. నా వెనక వేసి, వీపు నా కుర్చీకి ఆనించి, ముఖం తలుపు వైపు పెట్టి కూర్చున్నాడు.

"నాయనా, తెర ఇటుంది."

"తెల్సులే. అది యెనకనుంచి గదా వచ్చేది. నువ్వు ముందర సూసుకో. యెనక నేను సూస్తాండా."

వసారాలో కాసేపు ఊరికే నడిచాను. చివరకు చెప్పేశాను. "ఆ పొద్దు అది వస్తాదని నాకు ముందే తెలుసు నాయనా. నిన్ను జడిపిద్దామనే తీస్కపోయినా."

"నాకూ తెల్సు. నీ కండ్లు దాని మీద లేవు, నా మీదుండాయి."

ఇరవై ఏళ్లు మనుషుల కళ్లు చూస్తూ బతికినవాడికి నా కళ్లు ఒక లెక్కా.

"తెలిస్తే ఎందుకు లేచ్చివి మరి?"

"చెయ్యి అడిగి లేచ్చాదా అబ్బీ?" అన్నాడు.

చెయ్యి అడగకుండానే నా కోసం లేచింది. ఆ మాట తలచుకున్నప్పుడల్లా ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది. కానీ అదే చెయ్యి పులివెందులలోనూ ఎవరినీ అడగలేదు. ఈ రెండింటినీ కలిపి ఎలా అర్థం చేసుకోవాలో నాకు ఈనాటికీ తెలియలేదు.

ఆ పొద్దున నేను మలుపు వైపు పోలేదు. తిరిగిన వసారాలోనే మళ్లీ తిరిగాను. తీసిన తలుపులే మళ్లీ తీశాను, ప్రతి తలుపు దగ్గరా పక్కకు నిలబడి. నాయన ఊపిరి తీసుకున్నప్పుడల్లా నా కుర్చీ కొంచెం కదిలేది. అమ్మ అన్నానికి పిలిచేదాకా అలాగే నడిచాను. ఏం జరిగిందని ఆయన అడగలేదు, వెనక్కు తిరిగి చూడలేదు.

మరుసటి ఏడాది ఆయన జబ్బు చేసి పోయాడు, ఆస్పత్రిలో, మంచం మీద. ఆ ఆట ఇంకా నా దగ్గరుంది. అప్పుడప్పుడు పెట్టుకుని మంచాల గది దాకా పోతాను, అక్కడ ఆపేస్తాను. కుర్చీ మాత్రం చోటు మార్చాను. కంప్యూటర్ బల్లను ఇటు తిప్పి, కుర్చీ గోడకు ఆనించి, ముఖం తలుపు వైపు పెట్టుకున్నాను. వెనక చూడడానికి ఎవరూ లేరు.