ఉప్పెన తర్వాత అలల తొట్టి

డెబ్బైల చివర విజయవాడలో ఒక ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెబుతూ, వెనక షెడ్డులో అలల మీద పరిశోధన చేసేవాణ్ణి. ముప్పై అడుగుల తొట్టి, ఒక పక్కంతా అద్దం. ఒక చివర చెక్క పలకను మోటారు ముందుకీ వెనక్కీ ఊపితే అల పుట్టి, అవతలి చివర ఇసుక వాలు మీద విరిగేది. నా లెక్కలను అట్టకార్డుల మీద చిల్లులుగా కొట్టించి, కంప్యూటరు కోసం రైల్లో మద్రాసు పట్టుకెళ్ళేవాణ్ణి.

ఆ పలకను చేసింది కొండపల్లి నుంచి రోజూ వచ్చే వడ్రంగి మేస్త్రీ. నాకంటే పదేళ్ళు పెద్ద. చర్చికి వెళ్ళే ఆదివారం తప్ప ఏనాడూ పని మానలేదు.

డెబ్బై ఏడు నవంబరులో ఉప్పెన దివిసీమను ముంచేసింది. ఆయన అక్కను ఇచ్చింది అక్కడే, సముద్రానికి దగ్గర ఊరు. వెతకడానికి వెళ్ళి రెండు వారాలకు తిరిగొచ్చాడు. అక్క దొరకలేదన్నాడు. ఇంకేమీ అడగలేకపోయాను.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం సంచిలోంచి అరచేతిలో పట్టేంత చెక్క ఇల్లు తీశాడు. తలుపు, అరుగు, తాటాకు కప్పు, అన్నీ ఉన్నాయి.

"సార్, ఆ రోజు నీళ్ళు ఎట్టా వచ్చినయ్యో ఈ తొట్టిలో చూపిస్తారా?"

"వద్దు మేస్త్రీ గారూ."

"నిద్ర పట్టట్లేదండీ. రోజుకో రకంగా కనపడతంది. ఒక్కసారి చూస్తే..."

కాదనలేకపోయాను. ఇంటిని వాలు మీద పెట్టాడు. ఉప్పెనంటే ఒక్క పెద్ద అల కాదు. సముద్రమే మట్టం పెరిగి నేల మీదికి నడిచొస్తుంది. అందుకని ముందు కుళాయి తిప్పి నీళ్ళు పెంచాను, ఆపైన మోటారు వేశాను. నీళ్ళు అరుగెక్కాయి. గుమ్మం దాటాయి. ఇల్లు కదిలింది, ఆగింది, పక్కకు ఒరిగి తేలింది. ఆయన అద్దానికి నుదురు ఆనించి చూస్తూనే ఉన్నాడు.

"మా అక్కకి ఎంతసేపు పట్టుంటదండీ?"

ఉప్పెన తర్వాత ఆ తీరానికి నేను వేసిన లెక్క బల్ల మీదే ఉంది. నీళ్ళు గుమ్మం నుంచి కప్పుదాకా ఎక్కడానికి పట్టే సమయం అందులో ఉంది. అది తక్కువేమీ కాదు.

"రెప్పపాటు," అన్నాను. "తెలిసేలోపే అయిపోయుంటుంది."

ఆయన తల ఊపాడు. తడిసిన ఇంటిని తువ్వాలుతో తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఆగాడు.

"మా బావ తాడిచెట్టు పట్టుకుని బతికాడు సార్. చానాసేపు అక్క గొంతు వినపడతానే ఉందంట. పిల్లల్ని పేరుపేరునా పిలుస్తానే ఉందంట."

బల్ల మీది లెక్క కాగితాన్ని బోర్లించాను.

"మీరు అట్టా చెబుతారనే అడిగానండీ. ఒక్కరన్నా ఆ మాటంటే వినాలనిపించింది."

మర్నాడు మామూలుగానే పనిలోకి వచ్చాడు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఏడాది తిరక్కుండా కాలేజీ పని మానేసి, ఇళ్ళు కోల్పోయినవాళ్ళకు తలుపులూ కిటికీలూ చేసిస్తానంటూ అక్క ఊరికే వెళ్ళిపోయాడు. నా పరిశోధన పూర్తయింది, పట్టా కూడా వచ్చింది. ఇప్పటికీ స్నానాలగదిలో బకెట్టు నిండుతుంటే నాకు తెలియకుండానే నిమిషాలు లెక్కపెడుతుంటాను. నడుమ ఎవరో పిల్లల్ని పిలుస్తున్నట్టు ఉంటుంది. కుళాయి కట్టేస్తాను.