జురూకా ఏ జట్టు మనిషి

ఒదిలోన్ క్వింతెలా గురించి సాన్తానా ఊళ్ళో నాలుగు మాటలు ప్రచారంలో ఉన్నాయి. తమ్ముడి పేరు ప్రతిష్ఠలు చూసి ఓర్వలేక 1998 ఆటలో అతన్ని పెళ్ళైనవాళ్ళ జట్టులోకి తోశాడన్నది ఒకటి. చర్చి ఫాదర్ ఒత్తిడికి లొంగాడన్నది మరొకటి. మరదలు మరిల్దా పెట్టిన మొక్కజొన్న కేకు తిని, ఆమె చెప్పినట్టల్లా ఆడాడన్నది మూడోది. నాలుగోది మెచ్చుకోలుగా అనేది: తండ్రీ కొడుకులను కలపడానికి అతనే ఇదంతా ముందుగా పథకం వేశాడట. కేకు తిన్న మాట నిజం. మిగిలినవేవీ విచారణకు నిలబడవు.

ఒదిలోన్ కాఫీ సహకార సంఘంలో ముప్ఫై ఒక్క ఏళ్ళు కాటా దగ్గర పనిచేశాడు. అతని తండ్రి అనీజియో బట్టల మిల్లు ఫుట్‌బాల్ జట్టులో పదిహేడేళ్ళు మిడ్‌ఫీల్డర్‌గా ఆడినవాడు. తమ్ముడు జురందీర్ అదే స్థానంలో ఆడి, రియోకు వెళ్ళి, దేశం తరఫున పసుపు చొక్కా తొడిగి, జనం నోట జురూకా అయ్యాడు. జురూకా కొడుకు కయెతానో రెండో డివిజన్‌లో అదే స్థానంలో ఆడుతున్నాడు. ఇంట్లో ఒక్క ఒదిలోన్‌కే పాదాలు చదునుగా ఉండేవి. పద్నాలుగో ఏట అతని పరుగు కాసేపు చూసి, "నువ్వు ఈల పట్టుకో నాయనా" అన్నాడు తండ్రి. అతను పట్టుకున్నాడు. అందుకు బాధపడ్డాడని చెప్పడానికి ఆధారమేదీ లేదు.

ఏటా డిసెంబరు చివరి ఆదివారం పొద్దున పది గంటలకు పెళ్ళైనవాళ్ళకూ కానివాళ్ళకూ ఆట జరుగుతుంది. ఓడినవాళ్ళు పందిని కాల్చి, గెలిచినవాళ్ళకు వడ్డించి, గిన్నెలు కడగాలి. ఎవరు ఏ జట్టో తేల్చి చొక్కాలు ఇచ్చేది రెఫరీ. ఇరవై ఆరేళ్ళుగా ఆ రెఫరీ ఒదిలోనే. చిక్కు కేసులు అతనికి కొత్త కాదు. భార్య పోయిన తోమే అనేవాడు, ఆవిడ కలలోకి వచ్చి ఇంకా తిడుతూనే ఉందని చెప్పి పెళ్ళైనవాళ్ళలోనే కొనసాగాడు. పెళ్ళి కాగితం లేకుండా ఆరుగురు పిల్లల్ని కన్న క్లోవిస్ పదకొండేళ్ళు అవతలి జట్టులో ఆడాడు. పన్నెండో ఏట అతని ఇల్లాలు చెప్పు చేత్తో పట్టుకుని మైదానంలోకి వచ్చి, అతన్ని ఇవతలికి నడిపించింది. ఒదిలోన్ ఆ మార్పును రాసుకుని ఆట కొనసాగించాడు.

1998లో జురూకా ఆటకు వస్తున్నాడని తెలిసింది. అప్పటికి అతనికి యాభై ఒక్క ఏళ్ళు. ఇల్లు వదిలి రెండేళ్ళయింది. మరిల్దా సాన్తానాలోనే బడిపంతులమ్మగా ఉండిపోయింది. తల్లి పక్షం వహించిన కయెతానో ఆనాటి నుంచీ తండ్రితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. వాడికి ఇరవై మూడేళ్ళు, పెళ్ళి కాలేదు. కాబట్టి వాడి జట్టు విషయంలో తగవు లేదు. తగవంతా తండ్రి విషయంలోనే.

పెద్దాయన అనీజియో కొడుకును వరండాలోకి పిలిపించాడు.

"ఒరేయ్ ఒదిలోన్, తమ్ముడు పెళ్ళాన్ని వదిలేశాడుగా. అంటే ఒంటరివాడే. పిల్లాడి పక్కన వేసెయ్."

"కాగితం చూడాలి నాన్నా."

"కాగితం తీసుకుని ఏం చేసుకోనురా? ఎనభై ఆరొచ్చాయి. వీడి కాలి నుంచి వాడి కాలికి ఒక్క బంతి వెళ్తే చూసి పోతాను."

"ఇరవై ఏళ్ళ నుంచీ పోతాననే అంటున్నారు."

"ఈసారి గట్టిగానే అనుకుంటున్నా."

ఒదిలోన్‌కు కూడా అదే చూడాలని ఉంది. ఒకే జట్టులో, మైదానం నడిమధ్యన ఉంటే తండ్రీ కొడుకులు బంతి ఇచ్చి పుచ్చుకోక తప్పదు. అయితే అతనికి కాటా అనుభవం ఉంది. మంచి కారణం కోసం ముల్లును ఒకసారి జరిపిన చేతికి, మరుసటి సారి చెడ్డ కారణం కూడా మంచిదిగానే కనబడుతుంది. అందుకని విచారణ మొదలుపెట్టాడు.

ముందుగా ఫాదర్ ఎవారిస్తో దగ్గరకు వెళ్ళాడు. ఆయన పెళ్ళికానివాళ్ళ జట్టుకు గోల్‌కీపర్.

"దేవుడి ముందు చేసుకున్న పెళ్ళికి రద్దు లేదు, ఒదిలోన్. వాడు పెళ్ళైనవాడే. అలా చెప్పడం నాకే నష్టం, ఆ కాలు మాకు దొరికితే ఏడు గోల్స్ కొట్టేవాళ్ళం."

తన జట్టుకే నష్టం చేసే సాక్ష్యం కనుక ఒదిలోన్ దానికి కొంత విలువ ఇచ్చాడు. అయినా రెఫరీ పుస్తకంలో దేవుడి ప్రస్తావన లేదు. అక్కడి నుంచి మరిల్దా ఇంటికి వెళ్ళాడు. ఆమె అడగకుండానే కేకు కోసి పెట్టింది.

"మా వాడు పెళ్ళైనవాడో కాదో తేల్చాలమ్మా."

"ఇరవై నాలుగేళ్ళు నాతో కాపురం చేస్తూనే బ్రహ్మచారిలా తిరిగాడు బావగారూ. ఇప్పుడు మీరు కొత్తగా తేల్చేదేముంది?"

"అది అభిప్రాయం. నాకు తేదీ కావాలి."

మరిల్దా లేచి బీరువాలోంచి కోర్టు కాగితం తెచ్చింది. విడిగా ఉండటానికి కోర్టు ఒప్పుకుంది. విడాకులు మాత్రం ఏడాది నిండాకే. నిండేది మార్చి తొమ్మిదిన.

"అంతవరకూ నేను ఆయన పెళ్ళాన్నే, ఏం చేస్తాం. ఇంకో ముక్క వేసుకోండి."

ఒదిలోన్ కాగితాన్ని రెండుసార్లు చదివి, రెండో ముక్క తిని, ఇంటికి వెళ్ళాడు. ఆ రాత్రే తండ్రికి తన తీర్పు చెప్పాడు. పెద్దాయన మొహం గోడవైపు తిప్పుకుని పడుకున్నాడు.

ఆదివారం పొద్దున చొక్కాలు పంచేటప్పుడు తమ్ముడి చేతికి తెల్లది ఇచ్చాడు.

"ఇదేంటన్నయ్యా, ముసలాళ్ళ చొక్కా ఇచ్చావు?"

"పెళ్ళైనవాళ్ళ చొక్కా."

"కోర్టుకు వెళ్ళొచ్చానుగా."

"మార్చి తొమ్మిది దాకా ఆగాలి."

"మార్చిలో ఆట ఎక్కడుంది?"

"లేదు."

జురూకా చొక్కాను చేతిలోనే ఉంచుకుని గొంతు తగ్గించాడు. "రియో నుంచి తొమ్మిది గంటలు బండి నడుపుకుంటూ వచ్చాను. వాడి పక్కన ఆడదామనే వచ్చాను. నీకు తెలుసు."

"తెలుసు. చొక్కా వేసుకో."

రెండు జట్లకూ నడిమధ్యన ఆడేది క్వింతెలాలే కావడంతో, ఆట మొదలైన క్షణం నుంచీ ఒకరినొకరు కాచుకోవలసింది ఆ ఇద్దరే. మొదటి సగమంతా మాటల్లేవు, మోచేతులే. జురూకా పరుగు తగ్గింది గాని చూపు తగ్గలేదు. పావు మైదానం అవతల ఉన్న క్లోవిస్ తల మీదకు బంతి వేస్తే, తలకు అడ్డం వచ్చిన బంతి గోల్‌లో పడింది. తర్వాత కయెతానో లాగిపెట్టి తన్ని లెక్క సమం చేశాడు. రెండో సగంలో కొడుకు మలుపు తిరిగి వెళ్ళిపోతుంటే తండ్రి అతని చొక్కా పట్టుకున్నాడు.

"చొక్కా వదులు."

రెండేళ్ళలో అదే మొదటి మాట. రెండు గజాల దూరంలో ఉన్న ఒదిలోన్ ఈల వేసి, ఫౌల్ ఇచ్చాడు.

"పట్టుకోకపోతే నిన్నెలా ఆపనురా?"

"ఆపలేకపోతే వెళ్ళి నీడలో కూర్చో."

"ఈ మాటలు మీ అమ్మ నేర్పిందా?"

"నువ్వు ఇంట్లో ఉండుంటే నువ్వే నేర్పేవాడివి."

ఒదిలోన్ ఇద్దరినీ వెనక్కి జరగమని ఆట సాగించాడు.

ఇంకో అయిదు నిమిషాలుందనగా బంతి జురూకా దగ్గరకు వచ్చింది. ఒంటరిగా ఉన్నాడు, మైదానం ఎదురుగా తెరుచుకుని ఉంది. తిరగబోతుండగా, రెండుసార్లు కోత పడిన కుడి మోకాలు పట్టు వదిలేసింది. బంతి అతని బూటు అంచున తగిలి, మెత్తగా దొర్లుకుంటూ కయెతానో కాళ్ళ ముందుకు వెళ్ళింది. వాడు నాలుగడుగులు వేసి గోల్ కొట్టాడు.

గట్టు మీదున్న జనంలో ఎవరో "ఇచ్చేశాడు" అన్నారు. అరనిమిషంలో ఆ మాట గట్టంతా పాకింది. ముప్ఫై ఏళ్ళు బంతిని సరిగ్గా కోరిన చోటికల్లా పంపిన మనిషి పొరబాటున కొడుక్కి పంపుతాడా అన్నది వాళ్ళ వాదన.

కింద కూర్చుండిపోయిన జురూకా, "అన్నయ్యా, మోకాలు" అన్నాడు. ఒదిలోన్ తప్ప ఎవరూ వినలేదు. ఈలోగా కయెతానో తిరిగి వచ్చాడు. చేతులెత్తి ఎగరలేదు. తండ్రికి చెయ్యి అందించాడు.

"లే నాన్నా. ఇంకా నాలుగు నిమిషాలుంది."

జురూకా ఆ చెయ్యి పట్టుకుని లేచాడు. నాలుగు నిమిషాలూ కుంటుతూనే ఆడాడు. పెళ్ళైనవాళ్ళు ఒకటికి రెండు గోల్స్‌తో ఓడిపోయారు. మధ్యాహ్నం జురూకా తొట్టి దగ్గర పెనాలు తోముతుంటే, గెలిచినవాళ్ళు సాయం చేయకూడదన్న నియమం ఉంది కనుక కయెతానో పక్కన పీట మీద కూర్చుని, ఇంకా జిడ్డుందంటూ పెనాలు వెనక్కి ఇస్తూ ఉన్నాడు.

అనీజియో పెద్దకొడుకును దగ్గరకు పిలిచాడు.

"నువ్వు పక్కనే ఉన్నావు. అబద్ధం ఆడవు. చెప్పు, వాడు ఇచ్చాడా?"

ఒదిలోన్ టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. అంత సేపు అతను ఏ ఫౌల్ గురించీ ఆలోచించలేదని అక్కడున్నవాళ్ళు చెబుతారు.

"వాడి కాలి నుంచి పిల్లాడి కాలికి వెళ్ళింది నాన్నా. మధ్యలో ఇంకెవరికీ తగల్లేదు."

"అదే అడుగుతున్నా. ఇచ్చాడా అని."

"నేను చూసింది చెప్పాను."

"చాలు. నువ్వు చూశావంటే జరిగినట్టే. ఆ పంది చెవి ముక్క ఇటు వెయ్యి, కరకరలాడేది."

అనీజియో మరో ఎనిమిది నెలలు బతికి, వచ్చినవాళ్ళందరికీ ఆ పాస్ సంగతి చెప్పి పోయాడు. జురూకా కాదనలేదు. మోకాలి సంగతి తండ్రిని సమాధి చేసిన మరుసటి ఏడు, అదీ సూటిగా అడిగితేనే ఒదిలోన్ బయటపెట్టాడు.

ఇక తేల్చవలసింది ఇది. ఒదిలోన్ క్వింతెలా, ఆ రోజు చట్టం ప్రకారం పెళ్ళైనవాడిని పెళ్ళైనవాళ్ళ జట్టులో వేశాడు. అది సరైన తీర్పు. తండ్రీ కొడుకులను కలిపింది అతను కాదు. ఆ మాటలు వాళ్ళే అనుకున్నారు, ఆ చెయ్యి కొడుకే అందించాడు. అడిగిన ముసలివాడికి మాత్రం, తాను చూసినదాంట్లో సగమే చెప్పాడు. సాక్షిగా అది లోపం, ఇరవై ఆరేళ్ళలో దొరికినది ఆ ఒక్కటే.