రామభద్రరావుగారి ఒకే ఒక్క అక్షరం

ఉప్పళంలో చైనా భాష నేర్చినవారు ఒక్కరే. ఆ ఒక్కరికీ వచ్చింది ఒకే అక్షరం. యానాం నుంచి బదిలీ మీద ఈ అరవ ఊరికి వచ్చి ఇక్కడే రిటైరైన రామభద్రరావుగారు దాన్ని పాత ఫ్రెంచి నిఘంటువులో పట్టుకున్నారు. ఆ ఒక్కదాన్నే ‘లె’ అంటే ఆనందం, ‘యువె’ అంటే సంగీతం, ‘యావ్’ అంటే ఇష్టపడటం. దీని అంతు చూడనిదే రెండో అక్షరం ముట్టనని ఏడాదిగా తపస్సు చేస్తున్నారు.

ఎదురింటి తిలకవతి, తరాలుగా ఈ ఊరి తెలుగావిడ, కరగలేదు.

"ఏంది రావన్నా, ఒక ఎళుత్తుకు మూడు సద్దాలని ఇంత గొప్పా? అరవంలో ‘క’ ఒకటే నాలుగు పనులు చేస్తాది. మేము పండగ చేసుకుంటామా?"

ఆయన దిగులల్లా తన ఉచ్చారణ సరేనని చెప్పే మనిషి లేడనే. పక్క సందు గెస్ట్‌హౌస్‌లో దిగిన తైవాన్ అమ్మాయి రోజూ ఇటే బీచికి నడుస్తుందనీ, రేపటితో వెళ్ళిపోతుందనీ తెలిశాక ఆయనకు అన్నం సహించలేదు. ముక్కూమొహం తెలియని ఆడపిల్లను వీధిలో ఆపడం మర్యాద కాదు. అక్షరాన్నే వాకిట్లో వేయించి, ఆమె అంతట ఆమె ఆగేలా చేద్దామనుకున్నారు. ముగ్గు గీయడం ఆయనకు రాదు. పిండి మీద హక్కు ఎటూ భార్య మంగాయమ్మగారిది.

ఆవిడ పుస్తకం చూసి చుక్కలు పెట్టి, గీతలు లాగారు.

"కొసలు అలాగే వదిలెయ్ మంగా!"

"బావుందండీ! కలపని ముగ్గు వాకిట్లో పెడతామా? లక్ష్మి నిలుస్తుందా?"

కొసలన్నీ మెలికలు తిరిగి కలిశాయి. అక్షరం పద్మమై మోక్షం పొందింది.

తెల్లారి అమ్మాయి వచ్చింది. "బ్యూటిఫుల్ కోలం!" అని ఫోటో తీసుకుని నడిచిపోయింది. ఆమె చెప్పుల వెంట ఏడాది తపస్సూ పోతోంది.

"పిలవరేం? రాయిలా నుంచున్నారు!" మంగాయమ్మగారు మోచేత్తో పొడిచారు.

"లె! యువె! యావ్!" రావుగారు మర్యాద మరిచి వీధి దద్దరిల్లేలా అరిచారు.

అమ్మాయి వెనక్కి వచ్చి, ముగ్గును తల వంచి చూసి, పకపకా నవ్వింది. మెలికల మధ్య అసలు గీతలను వేలితో చూపింది. తర్వాత చెయ్యి పైనుంచి కిందికి దించుతూ మూడు మాటలూ కసురుకున్నట్టు పలికింది. రావుగారు ఇన్నాళ్ళూ మూడింటినీ ఫ్రెంచివాళ్ళలా చివర గొంతు పైకి ఎత్తి పలుకుతున్నారు.

"మూడూ తప్పేనట మంగా!" అన్నారాయన, ప్రమోషన్ వచ్చినంత సంబరంగా.

"దిద్దే మనిషి దొరికిందిగా, లోపలికి రమ్మనండి. పెసరట్టు వేస్తాను."

ఈ ఘడియలో ఇంగ్లిషు వాడటం ఆయనకు నామోషీ. చైనా భాషలో ఆనందం, సంగీతం, ఇష్టం దాకా వచ్చాయి గానీ ‘రా తల్లీ’ రాదు. చేత్తో పిలిచారు. అమ్మాయి చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.