బిడ్డకు పెట్టిన అక్క పేరు

పాపకు ఏం పేరు పెడదామని అత్త అడిగినప్పుడు నేను వెంటనే చెప్పేశాను. ఏడో నెల నుంచే ఆ పేరు నా నోట్లో ఉంది. ఎవరూ పెట్టమనలేదు, ఎవరూ బలవంతం చేయలేదు. అది మా ఆయన మొదటి భార్య పేరు. ఆ పేరును ఇక్కడ రాయను. రాయబోతే ఇప్పటికీ చెయ్యి ఆగిపోతుంది.

పంతొమ్మిదివందల యాభైల మొదట్లో, అరవదేశంలోని తళవాయిపురం నుంచి దగ్గరి రాజపాళయానికి రెండో పెళ్ళివాడికి భార్యగా వచ్చాను. మా ఆయన నూలు మిల్లులో పనిచేసేవారు. నాకు ముందు ఆ ఇంట్లో కాపురం చేసినామె తొలి కాన్పులోనే పోయింది. బిడ్డ కూడా దక్కలేదు. ఆమె పుట్టిల్లు దగ్గరలోని సత్రపట్టి. నేను ఆమెను ఎన్నడూ చూడలేదు. కానీ పెళ్ళినాడే నా తాళి పక్కన ఆమె గుర్తుగా చిన్న బంగారు బిళ్ళ ఒకటి కట్టారు. కొత్త చీర వస్తే ముందు గోడమీది ఆమె పటం దగ్గర పెట్టి దణ్ణం పెట్టుకుని, ఆ తర్వాతే నేను కట్టుకోవాలి. ఆమెను అక్క అనమని అత్త చెప్పింది. అన్నాను.

అక్క మంచిదని అందరూ అనేవారు. అయినా ఆ ఇంట్లో పాలు విరిగినా, బావి దగ్గర నా కాలు జారినా అత్త కళ్ళు ముందు పటం మీదికి పోయేవి. ఏడో నెలలో నాకు జ్వరం వచ్చి ఎంతకీ దిగలేదు. అక్క పోయింది వెనక గదిలో. నేను కనాల్సింది కూడా అక్కడే. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు పటం ముందు నిలబడి మొక్కుకున్నాను. నన్ను బతకనివ్వక్కా, ఆడపిల్ల పుడితే నీ పేరే పెట్టుకుంటాను అని.

ఆడపిల్లే పుట్టింది. ఇద్దరమూ బతికాం.

ఉయ్యాలలో వేసిన రోజు అక్క వాళ్ళమ్మ కూడా సత్రపట్టి నుంచి వచ్చింది. భర్త పోయి, ఉన్న ఒక్క కూతురూ పోయి, ఒంటరిగా పొలం చూసుకుంటున్న మనిషి. నేను పేరు చెప్పాను. ఆమె లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"నా బిడ్డను తిరిగి తెచ్చినావు తల్లీ" అంది.

వచ్చినవాళ్ళంతా నన్ను మెచ్చుకున్నారు. సవతి పేరు పెట్టుకోవడానికి ఎంత పెద్ద మనసుండాలో అన్నారు. మా ఆయన మాత్రం గడప దగ్గర నిలబడి విని, ఏమీ అనకుండా వీధిలోకి వెళ్ళిపోయారు. సంతోషంతో మాట రాలేదేమో అనుకున్నాను.

పాపకు నడక వచ్చేసరికి ఒక సంగతి గమనించాను. ఆయన బిడ్డను పేరుతో పిలవడం లేదు. మిల్లు నుంచి వచ్చి, కనుబొమల మీది దూది కడుక్కుని, "చిన్నది యాడ?" అనేవారు. ఎత్తుకునేవారు, ఆడించేవారు, కానీ పేరు మాత్రం నోట రాదు. నేను పొయ్యి దగ్గర కూర్చుని చెవి అటే పెట్టి వినేదాన్ని. ఈ రోజైనా పిలుస్తారా అని. నాకూ ఇబ్బందిగానే ఉండేది. పాప అన్నం పారబోస్తే కోపం వచ్చేది. పేరు పెట్టి గట్టిగా ఒక మాట అనబోతే అత్త ఎక్కడున్నా ఉలిక్కిపడేది.

"ఆ పేరుతో తిట్టొద్దు. వినేవాళ్ళు వింటారు" అనేది.

సత్రపట్టి అమ్మ శుక్రవారం శుక్రవారం బస్సెక్కి వచ్చేది. మల్లెపూలు, మురుకులు తెచ్చేది. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని తన ఇంటి సంగతులు, కూతురి సంగతులు చెప్పేది. మొదట్లో నాకూ బాగానే ఉండేది. దిక్కులేని మనిషికి ఆసరా దొరికిందనుకున్నాను. పాపకు నాలుగేళ్ళు నిండాయేమో, ఒక శుక్రవారం పక్కింటివాళ్ళు కూడా ఉండగా ఆమె అడిగింది.

"మన ఇంట్లో బావి యాడుండాదో చెప్పు పాపా?"

"వెనక. వేపచెట్టు కింద."

పాప సత్రపట్టికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. పక్కింటామె గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఎట్ల తెలిసె దీనికి?" అంది. ఎట్లా తెలిసిందో నాకు తెలుసు. ప్రతి శుక్రవారం వింటున్న మాటే. ఆ సంగతి నేను నోరు విప్పి చెప్పేలోపే అత్త ఏడుపు మొదలుపెట్టింది. సత్రపట్టి అమ్మ మొహంలో ఒక వెలుగు. ఆ వెలుగు చూసి నా మాట నేనే మింగేశాను.

అప్పటినుంచి వీధిలో అదే మాట. పోయినామె తిరిగి పుట్టిందని. తెలియని ఆడవాళ్ళు కూడా గుమ్మంలోకి వచ్చి పాపను తేరిపార చూసి పోయేవారు. "ఎవరింటి పిల్లవి నువ్వు?" అని అడిగితే పాప "సత్రపట్టి" అనేది. వాళ్ళ కళ్ళు పెద్దవయ్యేవి, ఒక బెల్లం ముక్కో అరటిపండో చేతిలో పడేది. ఏది చెబితే పెద్దవాళ్ళు సంతోషిస్తారో ఆ పిల్లకు బాగా తెలిసిపోయింది. నేను చూస్తూ ఉన్నాను. రాత్రిళ్ళు పక్కలో దాని వీపు నిమురుతూ, నేను కన్న పిల్లేనా ఇది అని నాకే సందేహం వచ్చేది.

తర్వాత పాప వెనక గదిలోకి వెళ్ళడం మానేసింది. బియ్యం కుండ ఆ గదిలోనే ఉంటుంది. ఒక పూట చాట ఇచ్చి బియ్యం తెమ్మంటే గడప ఇవతలే ఆగింది. నేను ఊరికే మొండితనం అనుకుని చెయ్యి పట్టి లాగాను. వణికిపోయి నా కాళ్ళు చుట్టేసుకుంది.

"అమ్మా, ముందర నేను చచ్చిపోతిని కదా. అప్పుడు శానా నొప్పి పుట్టెనా?"

వంగి దాని మొహం పైకెత్తాను.

"ఎవరు చెప్పినారు నీకు?"

"అందరూ చెప్తారు. ఈ రూములోనే కదా. పెద్దయినాక మళ్ళీ చచ్చిపోతానా?"

దాన్ని ఎత్తుకుని వాకిట్లోకి వచ్చేశాను. లేదమ్మా, లేదమ్మా అంటూ ఉన్నాను కానీ ఆ మాట దాని చెవికి ఎక్కలేదు. లేదనేది నేనొక్కదాన్నే. అవుననేది వీధి వీధంతా.

ఆయన పగటి పని ముగించుకుని వచ్చేదాకా వాకిట్లోనే కూర్చున్నాను. కాళ్ళు కడుక్కోనివ్వకుండానే అడిగాను.

"బిడ్డను మీరు ఒక్క తూరి కూడా పేరు పెట్టి పిలిచింది లేదు. ఏమిటికి?"

ఆయన భుజం మీది తువ్వాలు తీసి మడతపెట్టారు.

"ఆ పేరుతో పిలిస్తే వేరే మనిషి వస్తాది అనిపిస్తాది. పిలిచినాక ఈ చిన్నది వచ్చి ఎదురుగా నిలబడితే దాన్ని చూసి నేను ఎట్ల నవ్వేది?"

"అది అప్పుడే చెప్పి ఉండచ్చు కదా."

"నువ్వు మంచి మనసుతో పెట్టినావని ఊరంతా అంటా ఉంటే నేనేం చెప్పేది?"

"మంచి మనసు కాదు. భయంతో పెట్టినాను" అన్నాను. మొక్కు సంగతి చెప్పాను. పాప అడిగిన మాట కూడా చెప్పాను. ఆయన గోడకు ఆనుకుని కూర్చుండిపోయారు. పెళ్ళయి అన్నేళ్ళకు మేమిద్దరం అక్క గురించి మాట్లాడుకోవడం అదే మొదలు.

"మార్చేద్దాం" అన్నారు.

లోపల్నుంచి అత్త వచ్చింది. అంతా విన్నట్టుంది.

"మొక్కి పెట్టిన పేరు తీసేస్తావా? మొక్కు తప్పితే యాడికి వస్తాదో తెలుసునా? నీ తాళి మీదికి వస్తాది" అంది. కొడుకు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది. "నన్ను అడగొద్దు. ఆ కన్నతల్లిని అడుగు. ఆమె సరి అంటే నేను అడ్డం చెప్పను."

సత్రపట్టి అమ్మ ఒప్పుకోదని అత్తకు తెలుసు. నాకూ తెలుసు. ఆయన తోడు వస్తానన్నారు. వద్దన్నాను. అల్లుణ్ణి చూస్తే ఆమెకు కూతురే గుర్తొస్తుంది. మర్నాడు పాపను తీసుకుని నేనే బస్సెక్కాను. దారి పొడవునా తాళి కొంగు చాటున పట్టుకునే కూర్చున్నాను. ఆయనకు ఏమైనా అయితే అనే ఆలోచన ఒక పక్క, వెనక గది గడప దగ్గర వణికిన పిల్ల ఒక పక్క.

ఆమె వాకిట్లో మిరపకాయల రాశి ముందు కూర్చుని తొడిమలు తీస్తోంది. మమ్మల్ని చూసి మొహం విప్పారింది. పాప తన ఇంటికి రావడం అదే మొదలు. "రా తల్లీ, నీ ఇంటికి వచ్చినావా" అంది. పాప నా కొంగు వదల్లేదు. నేను కూర్చోకుండానే వచ్చిన పని చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

ఆమె తొడిమలు తీస్తూనే ఉంది.

"ఆ పేరు పెట్టమని నేను అడిగినానా?"

"లేదమ్మా."

"నా అల్లుడు అడిగినాడా?"

"లేదు."

"నువ్వుగా ఇచ్చినావు. ఇన్నేండ్లు దాన్ని ఎత్తుకోనిచ్చి, ఇప్పుడు వచ్చి తిరిగి ఇచ్చేయి అంటావు. ఇచ్చేస్తే నాకేముండాది? ఒక తూరి పోగొట్టుకునింది సాలదా?"

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. తిరిగి వెళ్ళిపోదామని కూడా అనిపించింది. అప్పుడు పాప నా కొంగు వదిలి రెండడుగులు ముందుకు వేసింది.

"అవ్వా, నేను చచ్చిపోయినప్పుడు నువ్వు ఉంటివా?"

ఆమె చేతులు ఆగిపోయాయి.

"లేను" అంది. "కబురు వచ్చి, బండి కట్టుకుని వచ్చేటప్పటికి అంతా అయిపోయినాది."

"అయితే మళ్ళీ చచ్చిపోయేటప్పుడు ముందే రా."

ఆమె పాపను పట్టుకోవడానికి చేతులు చాపింది. వేళ్ళకున్న మిరప ఘాటు గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. లేచి బావి దగ్గరికి వెళ్ళింది. చాలాసేపు చేతులు కడుగుతూనే ఉంది. ఏం చేస్తుందో, ఏమంటుందో తెలియక నేను పాపను దగ్గరికి లాక్కున్నాను.

తిరిగి వచ్చి పాప ఎదురుగా నేలమీద కూర్చుంది.

"ఇట్ల చూడు. నా కూతురు నలుపు. నువ్వు నలుపా?"

పాప తన చెయ్యి చూసుకుని తల అడ్డంగా ఊపింది.

"నా కూతురు ఎడమచేత్తో తింటా ఉన్నింది. ఎంత కొట్టినా మానలేదు. ఈ బావిలో దూకి ఈదేది. నువ్వు ఈదుతావా?"

"నాకు రాదు."

"మరి నువ్వు నా కూతురు ఎట్లవుతావు? నా కూతురు పోయింది. ఇంక రాదు. నువ్వు మీ అమ్మ కడుపున పుట్టిన వేరే పిల్లవి. నువ్వు ఎప్పుడూ చచ్చిపోలేదు. తెలిసెనా?"

పాప ఆమె మొహంలోకి చూసి, "తెలిసె" అంది.

ఆ ముసలామె ఆ మాటలను ఎవరితోనూ అంతకుముందు అని ఉండదు. చెప్పాక ఆమె నా వైపు చూడలేదు. "మార్చుకో. ఏం పేరు అని మాత్రం ఇప్పుడు నాకు చెప్పొద్దు" అని మళ్ళీ మిరపకాయల ముందు కూర్చుంది. బస్సు దాకా ఎప్పుడూ సాగనంపే మనిషి ఆరోజు లేవలేదు.

బస్సులో పాప నిద్రపోయింది. నాకు గుండె తేలికపడుతుందనుకున్నాను, పడలేదు. ఒక తల్లి చేత తన బిడ్డ రాదని చెప్పించి వస్తున్నానని తెలుస్తూనే ఉంది.

ఆ ఏడే పాపను చదువుకు పళ్ళికూడంలో చేర్చాం. పేరు ఆయన పెట్టారు. రెండిళ్ళలోనూ, చుట్టాల్లోనూ ఎవరికీ లేని చిన్న పేరు. దాని ముందు, మా వైపు వాడుక ప్రకారం, ఆయన పేరులోని మొదటి అక్షరం. ఆ సాయంత్రం మిల్లు నుంచి ఇంటికి వస్తూ వీధి మలుపు నుంచే ఆ పేరుతో పిలిచారు. పాప తిరిగి చూడలేదు, ఎవరినో పిలుస్తున్నారనుకుంది. మళ్ళీ పిలిచారు. మా ఆయన గొంతు అంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది.

అత్త మాత్రం మార్చుకోలేదు. పోయేదాకా పాత పేరుతోనే పిలిచింది, పాప ఆమెకు పలికేది. ఆయనకు తలనొప్పి వచ్చినా కొన్నాళ్ళు నాకు ప్రాణం పోయేది. పాప వెనక గదిలోకి ఒంటరిగా పోవడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. భయం పేరుతో పాటు పోలేదు.

సత్రపట్టి అమ్మ వానలు ముగిసేదాకా రాలేదు. శుక్రవారాలు బస్సు వేళకు నేను గుమ్మంలోకి వచ్చి చూసేదాన్ని. ఇక రాదనుకున్నాక ఒక రోజు వచ్చింది. పూలు, మురుకులు ఏమీ తేలేదు. లోపలికి రమ్మన్నా రాకుండా గడప బయటే నిలబడి పాపను పిలిచింది.

"ఏమే పిల్లా, నీ పేరేమి?"

పాప చెప్పింది. ఆమె ఆ పేరును మెల్లగా అని చూసింది. తప్పుగా అంది. పాప సరిచేసింది. మళ్ళీ తప్పుగానే అంది. "కాదవ్వా, ఇట్ల" అని పాప ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి నడిపిస్తూ అక్షరం అక్షరం విడదీసి నేర్పసాగింది.