నా వీపుకు సరిపడే సిలిండర్లు

మా ఇంట్లో ఏది కొన్నా ఒక సైజు పెద్దదే. కుక్కరైనా, బూట్లయినా, చలికోటైనా. కాస్త పెద్దదే తీసుకో, పడుంటుంది అని మా అమ్మ అనేది. జర్మనీలో ఈ ఇంగోల్‌స్టాట్‌కు వచ్చి ఇన్నేళ్ళయినా నాకు ఆ బుద్ధి పోలేదు. నలభై దాటాక కూతురి వెంటపడి డైవింగ్ నేర్చుకుని, వీపుకు కట్టుకునే జంట సిలిండర్లు కొనబోయినప్పుడు కూడా పన్నెండు లీటర్లవి, పొడవాటివి ఎంచుకున్నాను. గాలి ఎంత ఉంటే అంత మంచిది కదా అనుకున్నాను. నా ఎత్తు అయిదడుగులన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

నీళ్ళలో బోర్లా, బల్లపరుపుగా, చేతులు ఆడించకుండా తేలగలగాలి. అప్పుడే సరస్సు అడుగున ఉన్న ఒండ్రు కదలదు. నా సిలిండర్లేమో నడుము దాటి తొడల మీదికి వచ్చేవి. ఆ ఉక్కు బరువుకు కాళ్ళు దిగిపోయేవి. దిగిపోకుండా తన్నుకునేదాన్ని. నేను తన్నిన ప్రతి తాపుకీ ఒండ్రు లేచి, కవ్వం పెట్టి చిలికినట్టు నీళ్ళన్నీ తెల్లబడేవి.

నీళ్ళలోకి ఒంటరిగా దిగకూడదు. మా ఫెరైన్‌లో, అంటే మేము చేరిన డైవింగ్ సంఘంలో, నాకు జంట మా అమ్మాయే. కొన్నాళ్ళు ఓపిక పట్టింది. ఒక ఆదివారం పార్కింగ్‌లో తడి సూటు విప్పుకుంటూ మెల్లగా చెప్పింది.

"మా, నువ్వు నా వెనకాలే రా. నువ్వు ముందుంటే నాకు గార్ నిష్ట్స్, ఏమీ కనబడట్లేదు."

తర్వాతి వారం, ఫెరైన్‌లోని ఇంకో అమ్మాయితో జంటగా వెళ్ళనా అని అడిగింది. కోపంగా అడిగి ఉంటే తిట్టేదాన్ని. నేను నొచ్చుకుంటానేమోనని జాగ్రత్తగా అడిగింది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. ఇంట్లో తన గది తలుపు ఎప్పుడూ వేసే ఉంటుంది. సరస్సుకు వెళ్ళే దారిలో, కారులోనే, అది నాతో నోరు విప్పేది. ఆ ఆదివారాలు పోతాయని నాకు భయం వేసింది.

చెబితే నవ్వుతారు గానీ, నా ఉద్యోగమే కార్ల ఫ్యాక్టరీలో బండి బరువు ముందెంత పడాలి, వెనకెంత పడాలి అని తేల్చడం. రోజంతా దాని మీద జనంతో వాదిస్తాను. సొంత వీపు దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివంతా ఏ గంగలో కలిసిందో, కాళ్ళు దిగిపోతున్నాయని మెడ దగ్గర సీసం దిమ్మలు వేలాడదీసుకున్నాను. కాళ్ళు అలాగే దిగాయి, మెడ మాత్రం పట్టేసింది.

చివరికి ఒక సాయంత్రం హాల్లో తివాచీ మీద బోర్లా పడుకుని, ఒక సిలిండర్‌ను నా పక్కన పెట్టమన్నాను మా ఆయన్ని. ఆయన వరంగల్ మనిషి, నీళ్ళంటే ఆమడ దూరం. పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి చూశాడు.

"దీన్ని నీకు కట్టిండ్రా, నిన్ను దీనికి కట్టిండ్రా?" అన్నాడు.

నాకూ నవ్వాగలేదు.

ఇక కొనడం మానేసి, ఫెరైన్‌లో అడిగి ఒక్కో జత తెచ్చుకుని చూశాను. ముందు పన్నెండు లీటర్లవే, కురచగా లావుగా ఉండేవి తెచ్చాను. గాలి తగ్గించుకోవడానికి ఇంకా మనసొప్పలేదు మరి. ఈసారి కాళ్ళు తేలి తల మునిగింది, పైగా అటూ ఇటూ దొర్లాను. మా అమ్మాయి నవ్విన నవ్వుకి దాని ముఖం చుట్టూ బుడగలే బుడగలు. తర్వాత పది లీటర్ల జత. నడుం దగ్గరే ఆగింది. పట్టీలు కాస్త జరిపి, వీపు మీద సిలిండర్లు ఎక్కడ కూర్చోవాలో చూసుకున్నాను. నీళ్ళలో చేతులు కట్టుకుని, తన్నడం ఆపి, కాళ్ళు ఎప్పుడు దిగుతాయా అని ఎదురుచూశాను. దిగలేదు. ఉన్నచోటే ఉన్నాయి. ఎంత హాయిగా అనిపించిందో. గాలి తగ్గిందన్న బెంగ కూడా లేదు. నా పొట్టి ఒంటికి ఆ పెద్దవాటిలో గాలి సగం కూడా పట్టేది కాదు, మిగిలింది ప్రతిసారీ ఇంటికి మోసుకొచ్చేదాన్ని.

ఆ తర్వాతి ఆదివారం మ్యూనిక్ దాటి, కొండల మధ్య సరస్సుకు వెళ్ళాం. ఇంకో అమ్మాయి సంగతి నేను అడగలేదు, అదీ ఎత్తలేదు. దారంతా ఏవేవో కబుర్లు చెబుతూనే ఉంది. నడుం లోతు నీళ్ళలోకి వచ్చాక నా గాలి గొట్టాలు సరిచూసింది. అలవాటు కొద్దీ నేను దాని వెనక్కి జరగబోయాను. భుజం పట్టుకుని ఆపింది.

"ఈసారి నువ్వు ముందు వెళ్ళు, మా."

వెళ్ళాను. అడుగున రాళ్ళు దేనికది కనిపిస్తున్నాయి. వెనక్కి తిరిగి చూడాల్సిన పని లేకపోయింది. దాని టార్చి వెలుగు నా పక్క నుంచి ముందుకు, ఎక్కడా మసకబారకుండా, పడుతూనే ఉంది.