నడుము లోతు అలలో

మాది ఏలూరు. కిందటేడాది ఇంటిల్లిపాదీ విశాఖ దగ్గర తొట్లకొండ చూడ్డానికి వెళ్ళాం. మేడ మీద గది ఎవరిదన్న తగువుతో నేనూ మా తోటికోడలూ అప్పటికి నెలలుగా మాట్లాడుకోవడం లేదు.

కొండ దిగి, సముద్రపు ఒడ్డున రాళ్ళ మీదుగా నడుస్తున్నాం. మగవాళ్ళు ముందుకు వెళ్ళిపోయారు. కొల్లేటి గట్ల మీద నడిచిన కాళ్ళకు ఆ రాళ్ళు కొత్త. అయినా ఆమె పక్కన నడవడం ఇబ్బందిగా ఉండి గబగబా అడుగులు వేశాను. నాచు మీద కాలు జారి నడుము లోతు నీళ్ళలో పడ్డాను. అల లోపలికి లాగేస్తోంది.

“అక్కా! నా చున్నీ పట్టుకోండి!” ఆమె రాతి మీద బోర్లా పడుకుని అరిచింది.

“నువ్వు కూడా పడిపోతావే, వదిలెయ్!”

“మీరు ఊరుకోండి. ముందు పైకి రండి!”

ఎలా లాగిందో, పైకి వచ్చిపడ్డాను.

“గది సంగతి ఇంటికెళ్ళాక చూసుకుందాం. ముందు ఆ కాలు చూపించండి, రక్తం కారుతోంది,” అంది.

ఆ గది తగువు ఇప్పటికీ తేలలేదండీ. కాకపోతే, ఇప్పుడు ఇద్దరం నోరు విప్పే పోట్లాడుకుంటున్నాం. ఆ మౌనం కంటే ఇదే నయం.