ఫ్లెక్సీ కింద బడి

మా అంగన్‌వాడీకి సొంత గది లేదు. మహబూబ్‌నగర్‌లో బస్సు దిగి ఆటో ఎక్కితే వచ్చే ఊళ్ళో, ఒక రైతు వడ్ల బస్తాలు వేసుకునే రేకుల గదిని కిరాయికి తీసుకుని అందులోనే నడిపేవాళ్ళం. ఎండాకాలం ఆ రేకులు పెనంలా కాలేవి. వానాకాలం ఏ మూల కారుతుందో చూసుకుని పిల్లల్ని అటూ ఇటూ జరుపుకోవాలి. పైవాళ్ళకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఊళ్ళో పేరు. ఆ పేరు ఊరికే రాలేదు, ఆ రేకులే తెచ్చిపెట్టాయి.

తెలంగాణ వచ్చాక మా చౌరస్తాలో ఫ్లెక్సీలు బాగా పెరిగాయి. పండగకు ఒకటి, పుట్టినరోజుకు ఒకటి. ఒక నాయకుడి జన్మదినానికి ఊరి యూత్ కట్టిన పెద్ద ఫ్లెక్సీ గాలికి ఒక పక్క ఊడి రోడ్డు మీదికి వేలాడుతుంటే, అది నాకిమ్మని అడిగాను. అడగందే అమ్మైనా పెట్టదు కదా. వాళ్ళు సంతోషంగా ఇచ్చారు. వంట చేసి పిల్లల్ని చూసుకునే ఆయమ్మా నేనూ కలిసి దాన్ని తీగలతో రేకుల కింద బిగించాం. బొమ్మ పైకి ఉండాలా కిందికి ఉండాలా అని మా ఇద్దరికీ కాసేపు తగువు నడిచింది. "పెద్దమనిషి మొఖం రేకుల దిక్కు వెడ్తే ఆయనకు శెగ కొడ్తది" అంది ఆయమ్మ. ఆమె మాటే నెగ్గింది.

అలా మా పైకప్పు నిండా ఆ నాయకుడు వెలిశాడు. తెల్లటి అంగీ, జోడించిన చేతులు, తలకు పైన 'జన్మదిన శుభాకాంక్షలు' అని ఇంతింత లావు అక్షరాలు. కింద రెండు వరుసల్లో మా ఊరి యూత్ ఫోటోలు. కొందరికి నల్లద్దాలు, కొందరి చెవికి సెల్‌ఫోను. ఒక్కో ఫోటో కింద ఒక్కో పేరు. వాళ్ళలో చాలామంది మా పిల్లల తండ్రులే.

నేను అనుకున్నది కాస్త చల్లదనం గురించి, చదువు గురించి కాదు. మధ్యాహ్నం అన్నం తినిపించి పడుకోబెట్టాక పిల్లలు నిద్రపోకుండా పైకి చూడడం మొదలుపెట్టారు. మొదట ఒకడు వేలు చూపించి "గాయిన మా బాపు" అన్నాడు. కాసేపటికి "కింద ఏం రాసిండ్రు టీచర్?" అన్నాడు. చదివి చెప్పాను. అంతే, పక్కవాడు లేచాడు, వాడి పక్కది లేచింది. నాలుగు రోజులు పోయేసరికి పడుకున్నచోటనే ఎవరి బాపు పేరు వాళ్ళు గాలిలో వేలితో దిద్దుతున్నారు. ఆ వయసు మగవాళ్ళ పేర్లు సగం 'ష్'తో ముగుస్తాయి. తన బాపు పేరు చివర ఉన్నదే పక్కవాడి బాపు పేరు చివర కూడా ఉందని ఒకడు కనిపెట్టి, "మాది మీరెందుకు తీస్కున్నరు" అని కొట్లాటకు దిగాడు. చప్పుడు చేయొద్దని నేను "ష్" అంటే వేళ్ళన్నీ పైకప్పు వైపు లేచేవి. అక్షరాల్లో 'అ' ముందు వస్తుందని గోడ మీది చార్టు చెప్పేది గానీ, దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు.

నేను వాళ్ళను ఆపలేదు, పలక ముందు పెట్టి దిద్దండని కూర్చోబెట్టనూ లేదు. ఒక పుల్ల పట్టుకుని, అడిగింది చూపించి చెప్పేదాన్ని. ఆ వంకతో మాట్లాడించేదాన్ని. మీ బాపు ఏం పని చేస్తాడు, ఆ అద్దాలు ఎవరివి, ఫోన్లో ఎవరితో మాట్లాడుతున్నాడు? అంతవరకూ ఔననీ కాదనీ తలూపడం తప్ప ఎరగని పిల్లలు కూడా జవాబు కోసం మాటలు వెతుక్కునేవారు. "మా బాపు ఫోన్ల ఎవ్వరు లేరు టీచర్, ఊకెనే వెట్టుకున్నడు" అని ఒకతి గుట్టు విప్పింది. ఎవరి పుట్టినరోజు వచ్చినా అందరం వెల్లకిలా పడుకుని, పై అక్షరాల వెంట పుల్ల కదుపుతూ 'జన్మదిన శుభాకాంక్షలు' అని రాగం తీసేవాళ్ళం.

ఒక్క పిల్ల బాపు మాత్రం అక్కడ లేడు. అతను షాద్‌నగర్ దగ్గర కంపెనీలో పని చేస్తూ అక్కడే ఉంటాడు. ఫోటోలు పోగు చేసినప్పుడు ఊళ్ళో లేడు. అయిదేళ్ళు నిండబోతున్న ఆ పిల్ల కొన్నాళ్ళు గోడ వైపు తిరిగి పడుకుంది. ఒకరోజు దానంతట అదే ఇటు తిరిగి, అందరి బాపుల పేర్లూ ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. తనకంటూ ఒకటి లేదు కాబట్టి రెండు వరుసలూ తనవే చేసుకుంది.

జూన్ వచ్చింది. మండల కేంద్రంలోని ఒక ప్రైవేటు బడి వ్యాను ఈ ఏటి నుంచి మా ఊరికి వస్తుందని చాటారు. మా సెంటరుకు ఊళ్ళో ఉన్న పేరు 'గుడ్ల బడి'. గుడ్డు పెడతారు, చదువు చెప్పరు అని. పిల్లలు తగ్గితే సెంటరును పక్క ఊరి దాంట్లో కలిపేస్తారని మీటింగులో చెప్పారు. పక్క ఊరికి పోవాలంటే లారీలు తిరిగే పెద్ద రోడ్డు దాటాలి. పొద్దున్నే కూలికి పోయే తల్లి మూడేళ్ళ పిల్లను రోజూ ఆ రోడ్డు దాటించి దించి రాగలదా? వ్యాను ఎక్కేవాళ్ళు ఎక్కుతారు, ఎక్కలేని ఇళ్ళ పిల్లలు గడపలో కూర్చుంటారు. నా ఉద్యోగం ఎక్కడో ఒకచోట సాగుతుంది. ఆ పిల్లల దిగులే నన్ను తినేసింది.

బాపు ఫోటో లేని ఆ పిల్ల తల్లే మా ఊరి ఆడకూలీల జట్టుకు పెద్ద. పుట్టిల్లు అమ్రాబాద్. మా దగ్గర కోడళ్ళను పేరు పెట్టి పిలవడం తక్కువ, వచ్చిన ఊరితోనే పిలుస్తారు. అలా ఆమె ఊరందరికీ అమ్రాబాదామె. ఆమె ఎటు నడిస్తే జట్టు అటు నడుస్తుంది. ఆమె తన పిల్లను వ్యానెక్కిస్తే మిగతావాళ్ళూ కిందామీదా పడి ఎక్కిస్తారు. అప్పుడు సెంటరు పోయినట్టే.

ఒక మధ్యాహ్నం ఆమె రానే వచ్చింది, వెనక ఇంకొందరు తల్లులు. అందరి చేతుల్లో ఫోటో స్టూడియో కవర్లు. ప్రైవేటు బడిలో చేర్పించాలంటే తల్లి ఫోటో కావాలన్నారట, పొద్దున మహబూబ్‌నగర్ పోయి దిగి వచ్చారు. పిల్లల్ని ఇక పంపబోమని చెప్పిపోదామని వచ్చారు.

"నీ మీద కోపం లేదు టీచరమ్మా. పిల్లకు సదువు గావాలె గద" అంది అమ్రాబాదామె.

నాకు ఒళ్ళు మండింది. "ఈడ సదువు లేదని ఎవరన్నరు? జర పైకి చూడు" అని పుల్ల అందుకున్నాను. పిల్లలు పడుకున్నచోట నుంచే రెండు వరుసలూ చదివేశారు. వాళ్ళ తల్లుల ముఖాలు విప్పారాయి. అమ్రాబాదామె ముఖం మాత్రం కదల్లేదు.

"గాళ్ళ బాపుల పేర్లు గాళ్ళకు తెల్వయా? ఫోటో జూసి పేరు జెప్తే సదువుడెట్లయితది?" అంది.

నిజం చెప్పొద్దూ, ఆ మాట నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు.

ఆమె కవరు చింపి ఒక ఫోటో తీసింది. "దీన్ని పైన అతికియ్యి. కింద నా పేరు రాయి. నా బిడ్డకు నా పేరు తెల్వదు. అది అమ్మ అంటది, ఊరోళ్ళు అమ్రాబాదామె అంటరు. గా పేరు సదివిందా, ఈడనే ఉంటది. సదవకుంటే వ్యానెక్కుతది. గంతే."

మిగతా తల్లులు ఆమె మాటకు తలలూపారు. ఆ పిల్ల లేచి కూర్చుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

ఆమె నా చెవిలో పేరు చెప్పింది, నేను రిజిస్టర్లో రాసి మర్చిపోయిన పేరే. కాగితం మీద రాస్తుంటే చూసుకున్నాను, అందులో 'భ' ఉంది. రెండు వరుసల్లో ఏ బాపు పేరులోనూ 'భ' లేదు. రాయనని అంటే ఓడిపోయినట్టే. స్టూలెక్కి చూస్తే ఫోటో పట్టే ఖాళీ ఒక్కచోటే కనిపించింది, నాయకుడి తెల్ల అంగీ మీద. అక్కడే అతికించి, కింద పేరు కాగితం అతికించాను. "ఓ యవ్వ, ఆయన అంగి మీదనా" అని ఆయమ్మ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

పిల్ల మళ్ళీ వెల్లకిలా పడుకుంది. కూర్చుని చదవడం దానికి అలవాటు లేదు. మొదటి అక్షరం పలికింది, అది ఎవరి బాపుదో కూడా చెప్పింది. 'భ' దగ్గర ఆగిపోయింది. పై వరుస వెతికింది, కింది వరుస వెతికింది. నేను నోరు విప్పితే పందెం పోతుంది, విప్పకపోతే నా ప్రాణం పోయేలా ఉంది. అప్పుడు దాని చూపు పైకి, నాయకుడి తలకు పైనున్న పెద్ద అక్షరాల మీదికి పోయింది. పెదాలు కదిలాయి. పుట్టినరోజుకు తీసే రాగమే, లోలోపల, "జన్మ... దిన... శు..." అని అనుకుంటూ వచ్చి ఆగింది. "భ" అంది. మళ్ళీ కిందికి దిగి, మొదటి నుంచి కూడబలుక్కుని, గది అంతా వినబడేలా తల్లి పేరు చదివింది.

"ఉన్న" అంది తల్లి.

ఉపాధి పని దగ్గర హాజరు పిలిస్తే పలికినట్టే, ఠక్కున. ఆమెను ఆ పేరుతో పిలిచేది అక్కడ ఒక్కచోటే. తాను ఎవరికి పలికిందో ఒక క్షణం ఆమెకే అర్థం కాలేదు. తెలిశాక కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వింది, ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకుంది. నేను స్టూలు మీద కూలబడి ఏడ్చేశాను. కోపిష్టిదాన్నని పేరున్నదాన్ని అందరి ముందూ ఏడ్చాను, సిగ్గు పడలేదు. గెలిచాం. ఆ సెంటరు మా ఊళ్ళోనే ఉండిపోయింది, ఇప్పటికీ అక్కడే ఉంది.

పిల్ల మాత్రం తల్లి చీర పట్టుకుని నిలదీస్తోంది. "గిది నీ పేరా? నాకెందుకు చెప్పలే?"

"నన్నెవరు అడిగిండ్రే బిడ్డా" అంది తల్లి.

వెనక నిలబడ్డవాళ్ళలో ఒకామె ముందుకొచ్చి తన కవరు నా చేతిలో పెట్టింది. "నాది గూడ రాయి టీచరమ్మా. నా కొడుకు నా పేరు సదువుతుంటే నేను గూడ ఇనాలె" అంది. ఆమె వెనక ఇంకొకామె, ఆమె వెనక మరొకామె. ఆయమ్మ భయం మర్చిపోయి స్టూలు గట్టిగా పట్టుకుంది. ప్రైవేటు బడి కోసం దిగిన ఫోటోలన్నీ ఒక్కొక్కటే పైకెక్కాయి. సాయంత్రానికి నాయకుడి అంగీ మీద తెలుపు మిగల్లేదు.